పాత బీరు సీసాల్లో అల్లం బీరు నింపొచ్చా? ఏ సీసా, ఎంత చక్కెర

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ. కావలిలో పాత సామాన్ల అంగడి నుంచి రెండు గోతాల ఖాళీ సీసాలు తెచ్చావు, అందులో బీరు సీసాలు, క్వార్టర్ సీసాలు, సాస్ సీసాలు, నాలుగైదు గోలీ సోడా సీసాలు కలిసి ఉన్నాయి. అల్లం నీళ్ళలో చక్కెర వేసి ఇంట్లో పులియబెట్టిన అల్లం బీరు వాటిలో పోసి మూత బిగించొచ్చా, డల్లాస్‌లో ఉన్న మీ బావ అసలు బీరే కాచుకుని పాత సీసాల్లో నింపుతుంటే ఏమీ కాలేదు కదా, మరి అందరూ పేలతాయి పేలతాయి అని ఎందుకు భయపెడుతున్నారు అని.

బీరు సీసాల్లో నింపొచ్చు. మిగతావన్నీ తిరిగి అంగడికి ఇచ్చేయ్. కానీ సీసా గట్టిదైతే చాలు అనుకుంటున్నావు చూడు, అసలు తిప్పలు అక్కడే ఉంది. మూత బిగించేటప్పుడు లోపల ఎంత తీపి మిగిలిందో నీకు తెలియకపోతే ఎంత మందం గాజైనా నిన్ను కాపాడలేదు. మీ బావకి ఆ లెక్క తెలుసు కాబట్టి ఆయన సీసాలు నిలబడుతున్నాయి.

నేను అమెరికాలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ బీరు కాచేవాణ్ణి, నెల్లూరుకి తిరిగొచ్చాక అల్లం బీరూ నన్నారీ (సుగంధి వేళ్ళ షరబత్తు) మాత్రమే. ఎందుకంటే అక్కడ 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో తాగడానికి బీరు కాచుకోవడం ఫెడరల్ చట్టం కింద తప్పు కాకుండా పోయింది, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ఉంది, లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేస్తే నేరమే, మా ఇంట్లోకే కదండీ అంటే కుదరదు. అల్లం బీరు కూడా ఎక్కువ చక్కెర వేసి వారాల తరబడి వదిలేస్తే పేరుకే అల్లం, లోపల ఆల్కహాల్ బీరుకి సమానంగా చేరుతుంది, ఆ లెక్క కింద చెప్తాను.

ముందు సీసాలు వేరుచెయ్. తట్టి చూసి, బరువు చూసి గట్టిదో కాదో చెప్పడం చాలామంది చేసే పనే గానీ దానికంటే మంచి పరీక్ష ఒకటుంది. ఆ సీసా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు ఏం మొయ్యడానికి తయారైంది? గ్యాసున్న సరుకు మోసిందా లేదా? బీరు సీసా, 650 మి.లీ. పెద్దదైనా 330 పింటైనా, గ్యాసు కోసమే పోసిన గాజు, గుండ్రంగా ఉంటుంది, ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడుతుంది. క్వార్టర్ సీసాలో ఎప్పుడూ గ్యాసు లేదు, బ్రాందీకి గ్యాసెందుకు? పైగా అది బల్లపరుపుగా ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగితే ఆ చదును గోడలే ముందు వంగబోయి పగులుతాయి. సాస్ సీసాలు, జామ్ సీసాలు వేడి సరుకు పోసి మూత పెట్టేవి, చల్లారాక లోపల గాలి తగ్గి మూతని లోపలికి లాగుతుంది, అంటే అవి పుట్టింది సరిగ్గా దీనికి తలకిందులైన పనికి. షోకు సామాన్ల అంగళ్ళలో అమ్మే నలుచదరం సీసాలు, తీగ కొక్కెం మూతవి, చూడ్డానికి బలే ఉంటాయి, నూనె పోసుకో, గ్యాసు మాత్రం వద్దు.

ఎక్కడన్నా షాంపేన్ సీసా దొరికితే అది అన్నింటికంటే గట్టిది, 5, 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి మొయ్యడానికి చేసింది, కాకపోతే యూరప్ నుంచి వచ్చిన వాటిలో చాలావాటి మూతికి 29 మి.మీ. మూత పడుతుంది, మనకి దొరికేవి 26. కూల్ డ్రింక్ గాజు సీసాలు కూడా దిట్టమైనవే, కానీ అవి కంపెనీ సొత్తు, క్రేటుతో సహా తిరిగి పోవాల్సినవి, వాటి జోలికి పోవద్దు.

బీరు సీసాల్లో కూడా మూతి చుట్టూ మరలున్నవి ఉంటే పక్కన పెట్టెయ్. చేత్తో తిప్పి తీసే మూత కోసం చేసిన మూతి అది, మనం ఇంట్లో నొక్కే మూత దాని మీద సరిగ్గా కూర్చోదు, గ్యాసు నెమ్మదిగా కారిపోతుంది, మూడు రోజుల తర్వాత తీస్తే చప్పగా ఉంటుంది.

రంగు గురించి అడిగావు. గోధుమరంగు మంచిది, పచ్చది అంతంతమాత్రం, తెల్లది పనికిరాదు అనే మాట బీరుకి చెల్లుతుంది. బీరులో చేదు కోసం వేసే హాప్స్ అనే పూల మీద వెలుతురు పడితే ఒక గంధకపు పదార్థం పుట్టి కంపు కొడుతుంది. అల్లం బీరులో హాప్స్ ఉండవు, కాబట్టి నీకు ఏ రంగైనా ఒకటే.

ఇక ఒక్కో సీసాని వెలుతురుకి పట్టుకుని చూడాలి. మన గూడూరు పక్కన చిల్లకూరు, కోట వైపు తవ్వే తెల్ల ఇసుక లారీల్లో పోయేది గాజు ఫ్యాక్టరీలకే, ఆ ఇసుకా సోడా యాషూ సున్నపురాయీ కలిపి కరిగిస్తే వచ్చేదే సీసా. కొత్తగా పోసిన గాజు చాలా బలమైంది. దాన్ని బలహీనం చేసేవి పైన పడ్డ గీతలు, ఎందుకంటే లోపలి నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు గాజు సాగదు, ఆ లాగుడంతా గీత కొన దగ్గర చేరి అక్కడి నుంచి చీలుతుంది. అందుకే పాత సీసా అంటే అనుమానం. కంపెనీకి మళ్ళీ మళ్ళీ తిరిగిపోయి నిండిన సీసాకి భుజం దగ్గర, అడుగు దగ్గర తెల్లగా అరిగిన పట్టీ కనిపిస్తుంది. పైపైన మసకగా ఉంటే ఫరవాలేదు, గోరు తగిలేంత లోతుంటే వద్దు. తర్వాత గోరుని మూతి అంచు చుట్టూ తిప్పు, చిన్న పెచ్చు లేచి ఉన్నా తీసి పారెయ్, మూత సరిగ్గా బిగియదు సరికదా గాజు ముక్క గొంతులోకి పోతుంది. అడుగున నక్షత్రంలాగా విచ్చిన బీట ఉందేమో చూడు, అది నీళ్ళు నింపి చూస్తే కారదు, గ్యాసెక్కాకే తెలుస్తుంది. కొంచెం అనుమానమున్నా తీసెయ్యడమే, గోతం ఇంకోటి తెచ్చుకోవచ్చు.

పాత సామాన్ల సీసాలతో ఇంకో గొడవ, అవి బారు నుంచి నేరుగా అంగడికి వచ్చి ఉండకపోవచ్చు. మన వైపు ఖాళీ బీరు సీసాలో కిరసనాయిలు పోస్తారు, ఫినాయిల్ పోస్తారు, థిన్నర్ పోస్తారు, పొలం మందు కొలిచి పోసి మడికాడికి తీసుకుపోతారు, రొయ్యల గుంటల దగ్గర ఏమేం పోస్తారో చెప్పక్కర్లేదు. కాబట్టి కడగకముందే, పొడిగా ఉన్నప్పుడే ప్రతి సీసానీ మూతి దగ్గర వాసన చూడు, ముక్కు పెట్టి గట్టిగా పీల్చకుండా చేత్తో విసురుకుని. పుల్లటి పాత బీరు వాసన, బూజు వాసన అయితే కడుక్కోవచ్చు. నూనె వాసన, మందు వాసన, అదేంటో తెలియని వాసన ఏదొచ్చినా, లేదా లోపల నీళ్ళు పోస్తే గోడకి జిడ్డులాగా విడివిడిగా చుక్కలు నిలబడినా, ఆ సీసా పోయినట్టే. గాజు దేన్నీ పీల్చుకోదు కదా అని వాదించేవాళ్ళుంటారు, నిజమే, కానీ లోపలున్నది ఏ మందో తెలియనప్పుడు దాన్ని ఎంత కడిగితే పోతుందో కూడా తెలియదు.

కడగడానికి కాస్టిక్ సోడా కొనబోకు. బీరు కంపెనీలు వేడి కాస్టిక్‌తోనే కడుగుతాయి, అక్కడ మిషన్లున్నాయి, మన పెరట్లో ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. చాకలి సోడా (వాషింగ్ సోడా) చాలు. పెద్ద టబ్బులో వేడి నీళ్ళు, లీటరుకి ఒక చెంచా చాకలి సోడా, సీసాలు మునిగేలా పెట్టి రాత్రంతా వదిలెయ్. కాగితం లేబుళ్ళు పొద్దునకి వాటంతటవే తేలతాయి. ప్లాస్టిక్ స్టిక్కర్ అయితే నానబెట్టి లాభం లేదు, ఎండలో వేడెక్కించి పీకి, మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రాసి సబ్బుతో రుద్దు. అడుగున ఎండిపోయిన బీరు మడ్డి పొడుగు బ్రష్‌తో తప్ప రాదు, బ్రష్ తర్వాత మళ్ళీ వెలుతురుకి పట్టుకుని చూడు. మచ్చ ఉందంటే దాని కింద క్రిములు ఉన్నాయి, ఆ మచ్చ మీద ఏ మందు పోసినా లోపలికి దిగదు.

ఇక్కడ మన నీళ్ళ గురించి ఒక మాట. కావలి, ఒంగోలు, కనిగిరి వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి, అలాంటి నీళ్ళలో చాకలి సోడా వేస్తే సున్నం విరిగి సీసా లోపల తెల్లటి పొరలాగా పట్టేస్తుంది. అమెరికా వాళ్ళ వీడియోలు చూసి కడిగితే సీసా కడగకముందే నయం అనిపిస్తుంది. దానికి విరుగుడు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. సోడా నీళ్ళన్నీ పారబోసి, కడిగేసి, ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళలో చెంచా నిమ్మ ఉప్పు కలిపి ఆడించు, పొర కరిగిపోతుంది. పానీయానికి మాత్రం ఆర్‌ఓ నీళ్ళు వాడు. కనిగిరి, పొదిలి దిక్కు ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళని కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

క్రిములు చంపడానికి నేను వాడేది ఉత్త వేడి. లోతైన గిన్నెలో అడుగున గుడ్డ పరిచి, సీసాలు పెట్టి, వాటి లోపలా బయటా చన్నీళ్ళు నింపి, అప్పుడు పొయ్యి వెలిగించాలి. నీళ్ళూ సీసా కలిసి వేడెక్కాలి, మరిగాక పావుగంట, తర్వాత పొయ్యి ఆపి అందులోనే చల్లారనివ్వాలి. చల్లటి సీసాని మరిగే నీళ్ళలో ముంచినా, చల్లటి సీసాలో వేడి వేడి పానకం పోసినా టప్పుమని అడుగు ఊడుతుంది. బ్లీచ్ వాడేవాళ్ళున్నారు, వాడితే ఆ తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళతో రెండు మూడుసార్లు కడగాలి, లేకపోతే మందుల షాపు వాసన వస్తుంది. బ్లీచ్ ఉన్న టబ్బులో నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ బాత్రూమ్ యాసిడ్ గానీ పడకూడదు, క్లోరిన్ గ్యాసు వస్తుంది, అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది, ఇందులో సరదా లేదు.

ఇప్పుడు చక్కెర. ఇది రెండుసార్లు చదువు.

మూత బిగించాక ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) లోపలున్న చక్కెర తిని గ్యాసు చేస్తుంది. లీటరు ద్రవంలో 4 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు ఒక వాల్యూమ్ గ్యాసు, అంటే లీటరు నీళ్ళలో లీటరు గ్యాసు. మామూలు బీరులో ఉండేది రెండున్నర దరిదాపు, కూల్ డ్రింకులో మూడున్నర నాలుగు. మీ బావ ఏం చేస్తాడంటే, బీరుని ముందు పెద్ద పాత్రలోనే పూర్తిగా పులవనిస్తాడు, ద్రవంలో ఎంత చక్కెర మిగిలిందో చూపే హైడ్రోమీటర్ ముంచి చూస్తాడు, వరసగా రెండు మూడు రోజులు ఒకే అంకె వస్తే ఈస్ట్‌కి తినడానికి ఇంకేం లేదని అర్థం. అప్పుడు తూచిన చక్కెర కలుపుతాడు. 30 డిగ్రీల దగ్గర పులిసిన దాంట్లో అప్పటికే 0.65 వాల్యూమ్ దాకా గ్యాసు మిగిలి ఉంటుంది, 2.4 కావాలంటే ఇంకా 1.75, అంటే లీటరుకి 7 గ్రాములు, 20 లీటర్లకి 140 గ్రాములు. ఆయన చల్లగా నిద్రపోయేది ఈ లెక్క ఉండబట్టే.

నువ్వు చేయబోతున్నది చూడు. నువ్వు పంపిన రెసిపీలో లీటరుకి 100 గ్రాముల చక్కెర ఉంది, తియ్యగా ఉన్నప్పుడే సీసాలో పోసి మూత పెట్టమంటున్నారు. అదంతా లోపలే పులిస్తే 25 వాల్యూములు. అంతదాకా పోదులే, చాలా ముందే సీసా పగిలిపోతుంది, నీ ముఖం పక్కనున్నప్పుడు పగలకపోతే అదృష్టం. పోనీ పెద్ద పాత్రలోనే అంతా పులిసిపోనిద్దాం అంటావా, 100 గ్రాముల చక్కెరకి ఆల్కహాల్ దగ్గరదగ్గర 6 శాతం తేలుతుంది, అప్పుడు నువ్వు చేసింది పానకం కాదు, ఎక్సైజ్ వాళ్ళ సరుకు. తీపి, గ్యాసు, బయట నిల్వ, ఈ మూడూ కలిపి ఒకే సీసాలో రావు.

నేను చేసే పద్ధతి మన షరబత్తు బండివాళ్ళది. వాళ్ళు నన్నారి పాకం గ్లాసులో పోసి పైన సోడా కొడతారు, సీసాలో తీపి ఉండదు. అలాగే అల్లం కాచిన నీళ్ళు వడగట్టి చల్లార్చి, లీటరుకి 10 గ్రాముల చక్కెర మాత్రమే తూచి మొత్తం పాత్రలో ఒకేసారి కరిగించి, చిటికెడు ఈస్ట్ కలిపి, సీసాల్లో నింపి మూత పెట్టెయ్. ఆ పదీ పూర్తిగా పులిసినా రెండున్నర వాల్యూములే, ఆల్కహాల్ 0.6 శాతం దగ్గర ఆగుతుంది, సీసాని మర్చిపోయి నెల తర్వాత తీసినా అంతకు మించి పెరగదు. తాగేటప్పుడు గ్లాసులో అల్లం బెల్లం పాకం పోసి, నిమ్మకాయ పిండి, పైన ఇది పోసుకో. తియ్యదనం ఎవరికి కావలసినంత వాళ్ళు కలుపుకోవచ్చు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి పాకం లేకుండా ఇవ్వొచ్చు. ఒక్కో సీసాలో చెంచాతో చక్కెర వెయ్యొద్దు, ఒకదాంట్లో చెంచా నిండుగా, ఇంకోదాంట్లో గుమ్మటంగా పడుతుంది, గుమ్మటం పడ్డదే పేలేది. పది గ్రాములు పలికే చిన్న త్రాసు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది లేకుండా ఈ పని మొదలుపెట్టకు.

లేదు, నాకు తియ్యగా ఉన్న సీసానే కావాలి అంటే, ప్రతి విడతలో ఒక్క సీసా గాజుది కాకుండా ప్లాస్టిక్ సోడా సీసా నింపు, మిగతావాటిలాగే మెడ దాకా. అన్నీ పక్కపక్కనే పెట్టి రోజుకి మూడు నాలుగుసార్లు ప్లాస్టిక్ దాన్ని నొక్కి చూడు. బొటనవేలు దిగనంత గట్టిపడగానే అన్నీ ఫ్రిజ్‌లోకి. మన ఎండలకి అది ఒక్క రోజులోనే కావచ్చు. ఫ్రిజ్‌లో ఈస్ట్ చావదు, నెమ్మదిస్తుంది అంతే, అందుకని వారంలో తాగెయ్యాలి. వేసవిలో కరెంటు గంటల తరబడి పోయే ఊళ్ళో ఈ పద్ధతి మీద నాకు నమ్మకం లేదు.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. రెండున్నర వాల్యూములున్న సీసాలో 20 డిగ్రీల దగ్గర ఒత్తిడి 1.8 బార్ల చిల్లర, కారు టైరులో గాలి కంటే కొంచెం తక్కువ. అదే సీసా 40 డిగ్రీలకి చేరితే దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే వేడి నీళ్ళు గ్యాసుని పట్టుకోలేవు, అదంతా పైకి వచ్చి మూతనీ గాజునీ తోస్తుంది. రోహిణి కార్తెలో మన రేకుల షెడ్డులో ఎంతుంటుందో నీకు తెలుసు. కాబట్టి మిద్దె మీద గదిలో వద్దు, పొయ్యి పక్కన వద్దు, మంచం కింద అసలే వద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో నేల మీద, మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో నిలువుగా పెట్టి, పైన తడిపి పిండిన గోనె కప్పు. ఒకటి పగిలినా ముక్కలు పెట్టెలోనే ఉంటాయి. మెడలో పైన 3 సెంటీమీటర్ల ఖాళీ ఉంచు, మూతి దాకా నింపకు.

మూతలు కొత్తవే వాడాలి, 26 మి.మీ. క్రౌన్ మూతలు, ఒకసారి ఓపెనర్‌తో వంగినది మళ్ళీ బిగియదు. రెండు చేతుల నొక్కుడు మిషన్ చౌకే కానీ అది సీసా మెడ మీదున్న గట్టుని పట్టుకుని పనిచేస్తుంది, కొన్ని సీసాలకి ఆ గట్టు సన్నగా ఉండి జారుతుంది, నొక్కేటప్పుడు మెడ విరిగే ప్రమాదం కూడా ఉంది. బల్ల మీద నిలబెట్టి పైనుంచి పిడితో నొక్కేది కొను. ముందు ఒక సీసాలో నీళ్ళు పోసి మూత బిగించి బోర్లించి చూడు, చెమ్మ వచ్చినా అమరిక సరిగ్గా లేదు.

గోలీ సోడా సీసాలు అడిగావు. అది హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంట్ తీసుకున్న సీసా, లోపలి గ్యాసే గోలీని మూతిలోని రబ్బరు రింగుకి అదిమి పట్టి ఉంచుతుంది. అంటే గోలీ బిగియాలంటే గ్యాసు ముందే ఉండాలి, అందుకే సోడా మిషన్‌లో సీసాని తలకిందులు చేసి గ్యాసుతో నింపుతారు. నీ ఈస్ట్ మొదటి రోజు గ్యాసేమీ ఇవ్వదు, గోలీ కింద పడి ఉంటుంది, గ్యాసు వచ్చింది వచ్చినట్టు పోతుంది. పైగా ఆ నొక్కు మెడలోకి బ్రష్ పోదు, అడుగున ఈస్ట్ మడ్డి కూర్చుంటే కడగలేవు. ఇంకా సోడా కొట్టే అంగడి మీ ఊళ్ళో ఉంటే వాళ్ళకివ్వు, ఆ సీసాల కోసం వాళ్ళు వెతుక్కుంటున్నారు.

నువ్వు ఇప్పటికే పాత రెసిపీతో ఆరు సీసాలు నింపి అటక మీద పెట్టానని చివర్లో రాశావు, అది ముందు రాయాల్సింది. చెయ్యేసే ముందు కళ్ళద్దాలు పెట్టుకో, నిండు చేతుల చొక్కా, మందం తువ్వాలు. వేడిగా ఉన్నప్పుడు, అంటే మధ్యాహ్నం, అసలు కదిలించకు. తెల్లవారుజామున ఒక్కోదాన్నీ తడి తువ్వాల్లో చుట్టి, ఊపకుండా దించి, బకెట్‌లో ఐసునీళ్ళు పోసి అందులో పెట్టి పైన మూతలాగా పలక కప్పి సాయంత్రం దాకా వదిలెయ్. చల్లబడ్డాక ఆరుబయట, తువ్వాలు తియ్యకుండానే, ఓపెనర్‌తో మూతని కొంచెం లేపి సుయ్యిమని పోనిచ్చి, ఆగి, మళ్ళీ కొంచెం. వాటిల్లో క్వార్టర్ సీసా ఉంటే దాన్ని చల్లబరిచాక కూడా ఉత్త చేత్తో పట్టుకోవద్దు, బకెట్లో ఉండగానే మూత తిప్పాలి. పిల్లల్ని ఆ పూట పక్కింటికి పంపెయ్.